జాబితాలో పద్దెనిమిదో పేరు

"మనిషి నిచ్చెనెక్కాడు. కాలు జారింది. పడ్డాడు. తల పగిలింది. పోయాడు. ఇందులో మీకు అర్థం కానిది ఏముంది మేడమ్?"

రికార్డు గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు ఇన్‌స్పెక్టర్. చేతిలో తాళంకప్ప ఉంది. గురువారం ఉదయం పది దాటి అయిదు నిమిషాలయింది.

"ఒక్కటే అర్థం కాలేదు," అంది సూది. "మనిషి పోయి రెండు రోజులు కాలేదు. అప్పుడే గదికి తాళం వేసేంత తొందర మీకెందుకొచ్చిందా అని."

సూది ఆమె అసలు పేరు కాదు. పదకొండేళ్ళ పాటు ఒక బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసింది. ఎక్కడ గుచ్చినా రక్తపు చుక్క కనబడేదాకా వదలదని అక్కడివాళ్ళు పెట్టిన పేరు అది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా పేరు మాత్రం వెంటే వచ్చింది. ఆమె సంచిలోంచి ఒక ఉత్తరం తీసి ఇన్‌స్పెక్టర్ ముక్కు ముందు పెట్టింది. మున్సిపల్ నియమాల కమిటీ ఇచ్చిన ఉత్తరం. గుమాస్తా మరణం మీద విచారణ జరిపే అధికారం ఆమెకి ఇస్తున్నట్టు కమిటీ అధ్యక్షుడి సంతకం ఉంది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివి పక్కకి తప్పుకున్నాడు. పూర్తిగా తప్పుకోలేదు. ఆమె భుజం ఒరుసుకుని లోపలికి వెళ్ళేంతే తప్పుకున్నాడు.

పోయినవాడు ముప్పయ్యేళ్ళుగా కౌన్సిల్ సమావేశాల మినిట్స్ రాస్తున్న గుమాస్తా. సభ్యులు గబగబా మాట్లాడితే చెయ్యెత్తి, "ఒక్క కామా ఆగండి," అనేవాడు. దాంతో ఆఫీసంతా ఆయన్ని కామాగారనే పిలిచింది. మంగళవారం ఉదయం పదకొండింటికి ఆయన నియమాల కమిటీకి ఫోను చేశాడు. సభ్యుల బీమా జాబితాలో ఉండకూడని పేర్లు ఉన్నాయనీ, మూడింటికి స్వయంగా పట్టుకొస్తాననీ చెప్పాడు. ఒంటిగంటా ఇరవైకల్లా ఈ గదిలో శవమై కనిపించాడు.

ఆ బీమా సంగతి ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట కౌన్సిల్ సభ్యులు తమకీ తమ మీద ఆధారపడినవాళ్ళకీ మున్సిపాలిటీ ఖర్చుతో ఆరోగ్య బీమా పెట్టుకున్నారు. జనం సొమ్ము కాబట్టి కొన్ని కట్టుబాట్లు కూడా పెట్టారు. బీమాలో చేరదలచుకున్న సభ్యుడు ఆ మాట ముందే రాసివ్వాలి. దాని మీద ఓటింగు జరిగేటప్పుడు గదిలోంచి బయటికి పోవాలి. సభ్యుల మీద కన్నేసి ఉంచే నియమాల కమిటీవాళ్ళయితే ఆ బీమా ఛాయలకే రాకూడదు.

సూది గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఇనప అరలు, తాళ్ళు కట్టిన ఫైళ్ళు, గోడకి చేరేసిన నిచ్చెన. నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం.

"చేతిలో ఏ ఫైలుంది?"

"కుళాయిల ఫైలు. పక్కనే పడుంది."

"అది ఉండాల్సిన అర ఏది?"

ఇన్‌స్పెక్టర్ వేలు చూపించాడు. నేలకి జానెడెత్తున, అన్నిటికన్నా కింది అర.

"కింది అరలో ఫైలు కోసం నిచ్చెనెక్కాడా? వంగి తీసుకునేదానికి పైకెక్కడం ఏమిటండీ?"

"ఇంకేదో కావాలని ఎక్కుంటాడు."

సూది నిచ్చెనెక్కింది. పై అర మీద దుమ్ము దుప్పటి పరిచినట్టుంది. వేలిముద్ర లేదు, ఫైలు లాగిన జాడ లేదు. ఆ కింది అరా అంతే. నిచ్చెన కాళ్ళకున్న రబ్బరు తొడుగులు కొత్తవి, జారే రకం కాదు. కిందికి దిగి చేతులు దులుపుకుంది.

"కళ్ళజోడు ఎక్కడ దొరికింది?"

"జేబులో."

"డబ్బాలోనా, విడిగానా?"

"డబ్బాలోనే. అయితే ఏం?"

"కళ్ళజోడు లేకపోతే కామాగారికి తన సంతకం తనకే కనబడదని వాళ్ళావిడ నిన్న చెప్పింది. అలాంటి మనిషి కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని నిచ్చెనెక్కి ఫైళ్ళు వెతికాడా? ఆయన ఇక్కడికి చదవడానికి రాలేదండీ. ఎవరితోనో మాట్లాడడానికి వచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ తాళంకప్ప అరచేతిలో ఆడించాడు. "పోస్టుమార్టం రిపోర్టు రేపొస్తుంది. అప్పటిదాకా ఈ కథలు మీ దగ్గరే ఉంచుకోండి."

"మూడింటికి కమిటీకి ఇస్తానన్న జాబితా ఏమైంది? ఆయన దగ్గర కాగితాలేమైనా దొరికాయా?"

"ఏ జాబితా లేదు."

ఆమె ప్రశ్న పూర్తయీ కాకముందే వచ్చింది ఆ జవాబు. అబద్ధం ఎప్పుడూ అంతే, పిలవకముందే వచ్చి కూర్చుంటుంది. సూది ఆ మాటని మనసులో ఒక మూల పెట్టుకుంది. అంతలో ఆమె ఫోను మోగింది.

"ఎంతదాకా వచ్చింది అమ్మాయ్?"

నియమాల కమిటీ అధ్యక్షుడు. రిటైరైన జడ్జి. బీమా కంపెనీలో చేరిన కొత్తలో ఆమెకి సాక్ష్యం అంటే ఏమిటో, పుకారు అంటే ఏమిటో విడమరిచి చెప్పిన మనిషి. ఆయన గొంతు వింటే సూదికి ఇప్పటికీ వీపు నిటారవుతుంది.

"ప్రమాదం కాదండీ. ఎవరో చంపారు."

"జాగ్రత్త తల్లీ. ఏం దొరికినా ముందు నాకు చెప్పు. ఆ ఇన్‌స్పెక్టర్‌ని మాత్రం నమ్మకు."

*

ఆఫీసులో అందరూ కంప్యూటరమ్మ అని పిలిచే ఆపరేటర్ పదకొండుంపావుకి సూది ఎదుట కూర్చుంది. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి పది మాటలు చెప్పే మనిషి. శవాన్ని ముందు చూసింది ఈవిడే.

"పన్నెండూ నలభై అయిదుకి భోజనానికి వెళ్ళాం మేడమ్. కామాగారు రాలేదు. పనుంది, మీరు కానివ్వండి అన్నారు. నాకు షుగరు. మాత్ర బల్ల సొరుగులో మరిచిపోయి ఒంటిగంటా ఇరవైకి వెనక్కొచ్చాను. రికార్డు గది తలుపు ఓరగా ఉంది. చూస్తే..." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కేకకి భోజనాల గది మొత్తం పరిగెత్తుకొచ్చింది."

"ఎవరెవరు?"

"అకౌంటెంటు, ప్యూను, ఇంజినీరు, పన్నుల సెక్షనువాళ్ళు. పై అంతస్తు నుంచి జడ్జిగారు కూడా దిగొచ్చారు. పాపం, ఆయనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టాం."

"పోలీసులు ఎప్పుడొచ్చారు?"

"ఒకటీ యాభైకి. అప్పటిదాకా మేమెవరం రికార్డు గది దగ్గర్నుంచి కదల్లేదు." ఆగి, గొంతు తగ్గించింది. "మేడమ్, ఒక సంగతి ఉంది. చెబితే నవ్వుతారేమో."

"నవ్వను. చెప్పండి."

"మేమంతా అక్కడ ఏడుస్తుంటే మా కంప్యూటర్ గదిలోంచి ప్రింటరు చప్పుడు వినిపించింది. కర్ కర్ మని. నాకు ఒళ్ళు జలదరించింది. అది కామాగారి ప్రింటరు మేడమ్. ఆయనే లోపల కూర్చుని మినిట్స్ తీస్తున్నట్టే అనిపించింది."

సూది నవ్వలేదు. "కామాగారి పాస్‌వర్డు ఎవరికి తెలుసు?"

"ఎవరికి తెలీదని అడగండి. చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకునేవారు. దాచుకునేంత రహస్యం నా దగ్గరేముందమ్మా అనేవారు."

*

పన్నెండున్నరకి సూది వైస్ చైర్మన్ గదిలో ఉంది. బీమా తీర్మానం పెట్టి గెలిపించుకున్నది ఆయనే. బల్ల మీద ఫైళ్ళకన్నా మందు సీసాలు ఎక్కువున్నాయి.

"మంగళవారం పన్నెండున్నర నుంచి రెండింటిదాకా ఎక్కడున్నారు?"

"మెషీన్లో."

"ఏ మెషీను?"

"ఆస్పత్రిలోనమ్మా. నడుముకి స్కానింగు. సొరంగంలాంటి దాంట్లో పడుకోబెట్టి కదలొద్దు, నోరెత్తొద్దు అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నలభై నిమిషాలు నోరు మూసుకున్నది ఆ ఒక్కరోజే. డాక్టర్ని అడుగు, నర్సుని అడుగు."

ఆమె అప్పటికే అడిగింది. నిజమే. ఒంటిగంట నుంచి ఒకటీ నలభై దాకా ఆయన మెషీన్లోనే ఉన్నాడు.

"ఆ స్కానింగు కూడా బీమా మీదేనా?"

"మరి? నడుము విరిగేలా తిరిగేది ఎవరికోసం? జనం కోసం. జనం ఖర్చుతో నడుము బాగుచేయించుకుంటే తప్పా?"

"చేయించుకోవడం తప్పు కాదు. తీర్మానానికి ఓటేసేటప్పుడు మీరు గదిలోంచి బయటికి వెళ్ళారా?"

"వెళ్ళాను."

సూది మినిట్స్ పుస్తకం తెరిచి, కామాగారి గుండ్రటి అక్షరాలు పైకి చదివింది. "వైస్ చైర్మన్ గారు లేచారు, కిటికీ తెరిచారు, తిరిగి కూర్చున్నారు, చెయ్యెత్తారు."

వైస్ చైర్మన్ మొహం వంకాయ రంగుకి తిరిగింది. "ఆ కామా నా ప్రాణం తీశాడు! ఒక్క ముక్క వదిలేవాడు కాదు. సరే, తప్పే. రేపు కౌన్సిల్లో లేచి నిలబడి ఒప్పుకుంటా, బీమా కార్డు వాళ్ళ మొహాన పారేస్తా. తప్పు చేసినవాడల్లా పీకలు కోస్తాడా అమ్మా? అయినా ఇది చట్టప్రకారం చెల్లుతుందని మాకు రాసిచ్చింది ఎవరు? మీ జడ్జిగారు. ఆయన కాగితం పొద్దున వచ్చింది, తీర్మానం మధ్యాహ్నం నెగ్గింది. నన్ను గుచ్చినట్టు ఆయన్ని కూడా ఒకసారి గుచ్చి చూడు."

దొంగ దొరికిపోతే ఊళ్ళో పెద్దమనుషులందరి పేర్లూ చెబుతాడు. సూది ఆ మాటని పట్టించుకోలేదు. తర్వాత ఆ సాయంత్రం తనని తాను తిట్టుకుంది.

*

కమిషనర్ అనుమతి వచ్చేసరికి మూడయింది. మూడూ ఇరవైకి కంప్యూటరమ్మ బీమా జాబితా ప్రింటు తీసింది. అరవై రెండు పేర్లు, రెండు కాగితాలు. చేరిన తేదీల వరుసలో ఉన్నాయి. సూది పెన్సిలు పట్టుకుని పదహారో వరుసదాకా వచ్చింది. అంతలో ఒక చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

"ఇది పోలీసు కేసు సాక్ష్యం. నాకివ్వండి."

ఇన్‌స్పెక్టర్. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"పొద్దున అసలు జాబితానే లేదన్నారు. మధ్యాహ్నానికి సాక్ష్యం అయిపోయిందా?"

"ఇవ్వమన్నాను."

"చెయ్యి తియ్యండి. లేకపోతే కమిషనర్‌ని ఇక్కడికే పిలుస్తాను. ఏ వరుస మీద చెయ్యి పెట్టారో ఆయనే చూస్తారు."

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి మెల్లగా లేచింది. దాని కింద పదిహేడో వరుస. ఒక స్త్రీ పేరు. వైస్ చైర్మన్ గారి చెల్లెలు అని రాసుంది. చికిత్స, పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్. చిరునామా, పోలీసు క్వార్టర్లు.

"మీ ఆవిడ," అంది సూది.

"మా ఆవిడే."

"అందుకా ఈ తాళాలూ తొందరలూ! మీ ఇంటి ఆపరేషన్ జనం నెత్తిన రుద్ది, అది పట్టుకున్న మనిషి చస్తే కాలు జారిందని రాసేశారు."

ఇన్‌స్పెక్టర్ అరుస్తాడనుకుంది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మొహంలో కోపం కన్నా అలసట ఎక్కువగా కనిపించింది.

"నా పేరు దగ్గరే ఆగిపోయారేం? కింది వరుస కూడా చదవండి."

పద్దెనిమిదో వరుస. వైస్ చైర్మన్ గారి బాబాయి. చికిత్స, తుంటి ఎముక మార్పిడి. ఆ పక్కన ఉన్న పేరు సూదికి అక్షరాలు నేర్చుకున్న నాటి నుంచి తెలుసు. బడిలో తన పేరు ముందు రాసుకున్న పేరు అది.

ఆమె తండ్రి పేరు.

పెన్సిలు చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. నాన్నకి తుంటి ఎముక మార్చింది నాలుగు నెలల కిందట. బిల్లు తన చేత్తో కట్టింది. ఆస్పత్రి కౌంటర్లో రసీదు మడిచి ఎక్కడో పెట్టింది. ఎక్కడ పెట్టింది?

"మీ మొహం చూస్తే నా మొహం నాకే కనబడుతోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మంగళవారం రెండుంపావుకి కామాగారి బల్ల సొరుగు లాగాను. ఈ జాబితా పైనే ఉంది, కనబడాలని పెట్టినట్టు. అందులో మా ఆవిడ పేరు కనబడింది. ఆపరేషన్ సంగతి ఊరందరికీ తెలుసు, కానీ బిల్లు నేనే కట్టాను, ఒట్టు. ఆ వైస్ చైర్మన్‌కీ మా ఆవిడకీ ముఖపరిచయం కూడా లేదు, చెల్లెలట! కానీ ఎవరు నమ్ముతారు? కాగితం జేబులో పెట్టుకున్నాను. ఈ పొద్దున కమిటీ ఉత్తరంతో మీరొచ్చారు. మీ ఇంటి పేరు చూడగానే పద్దెనిమిదో వరుస గుర్తొచ్చింది. ఓహో, ఈవిడా ఈ తానులో ముక్కే, నన్ను ఇరికించి తను బయటపడదామని వచ్చింది అనుకున్నాను."

"నేను మిమ్మల్ని అనుకున్నట్టే."

"అంతే." అతను గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా? మీరు నా వరుస చూడలేదు. నేను మీ వరుస చూడలేదు. ఈ రెండు కాగితాలూ చించేద్దాం."

నియమావళి తొమ్మిదో అంశం సూదికి కంఠతా వచ్చు. విచారించేవారికిగానీ వారి కుటుంబానికిగానీ ఆ లాభంతో సంబంధం ఉన్నట్టు తెలిస్తే, అది నిజమైనా కాకపోయినా, ఆ రోజే రాతపూర్వకంగా చెప్పి విచారణ నుంచి తప్పుకోవాలి. చెబితే కేసు చేజారుతుంది. చెప్పకపోతే తనకీ వైస్ చైర్మన్‌కీ తేడా ఏమిటి? ఆయన కిటికీ తెరిచి వచ్చి కూర్చున్నాడు. తను కాగితం చించి కూర్చుంటుంది. అయినా ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఇన్‌స్పెక్టర్ మాట చెవికి తియ్యగానే తగిలింది.

"చించొద్దు," అంది చివరికి. "తప్పుకుంటాను. అయిదింటికి ఆఫీసు మూసేలోగా రాసిస్తాను. ఇంకా గంటన్నర ఉంది. మీరు ఈ ఊరికి బదిలీ అయి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు. ఎందుకు?"

ఆమె పదహారో వరుస మీద వేలు పెట్టింది. చేరిన తేదీ, రెండేళ్ళ కిందట తీర్మానం నెగ్గిన రోజు. పంతొమ్మిదో వరుస, అదే రోజు. మధ్యలో పదిహేడు, పద్దెనిమిది. అదే రోజు.

"ఎనిమిది నెలల కిందట వచ్చిన మనిషి పెళ్ళాం రెండేళ్ళ కిందటే జాబితాలో ఎలా చేరింది?"

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ తేదీలు మళ్ళీ చదివాడు.

"ఈ రెండు వరుసల్లో ఇంకెవరో ఉండేవాళ్ళు. వాళ్ళని తీసేస్తే అరవై రెండు అరవై అవుతుంది, బీమా కంపెనీ లెక్కతో కలవదు. అందుకని తీసిన చోట మనవాళ్ళని కూర్చోబెట్టారు." ఆమె కంప్యూటరమ్మ వైపు తిరిగింది. "పేర్లు ఎప్పుడు మార్చారో మెషీను చెబుతుందా?"

"చెబుతుంది మేడమ్. మనం మరిచిపోయినా అది మరిచిపోదు." ఆమె వేళ్ళు గబగబా కదిలాయి. ఆగిపోయాయి. "పదిహేడు, మంగళవారం ఒకటీ ముప్పై ఒకటికి. పద్దెనిమిది, ఒకటీ ముప్పై నాలుక్కి. ఒకటీ ముప్పై ఆరుకి ప్రింటు. అన్నీ... అన్నీ కామాగారి పాస్‌వర్డుతో."

"కామాగారు ఒకటీ ఇరవైకే పోయారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అవును. ఆఫీసంతా శవం చుట్టూ నిలబడి ఉన్నప్పుడు ఎవరో ఈ కుర్చీలో కూర్చుని ఈ పని చేశారు." సూది లేచి నిలబడింది. "ఈ స్టేషన్‌కి మీరే ఇన్‌స్పెక్టర్, మీరే వస్తారని ఎవరైనా ఊహించగలరు. కానీ నేనో? నన్ను పెడతారని ఒకటీ ముప్పై నాలుక్కి ఎవరికి తెలుసు? నాకే తెలీదు. నాకు ఫోను వచ్చింది రెండున్నరకి."

"ఎవరు చేశారు ఫోను?"

ఆమె కంప్యూటరమ్మని అడిగింది. "ఆ రోజు జడ్జిగారిని ఫ్యాను కింద కూర్చోబెట్టామన్నారు. ఏ ఫ్యాను?"

కంప్యూటరమ్మ తలెత్తి పైకి చూసింది. ముగ్గురి నెత్తి మీదా ఫ్యాను తిరుగుతోంది.

"ఇదే మేడమ్. ఈ కింది అంతస్తులో పనిచేసేది ఇదొక్కటే. ఆయన ఒక్కరే కూర్చుంటానన్నారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి అన్నారు."

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయట! నాన్న తుంటి మీద కట్టు విప్పి నర్సు కడుగుతుంటే, మంచం పక్కనే నిలబడి ఆపిల్ ముక్కలు కోసిపెట్టిన మనిషి. అవతల గదిలోకి పొమ్మన్నా పోని మనిషి. నాన్నకి ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ ఆస్పత్రిలో జరిగిందో ఊళ్ళో తెలిసిన పరాయివాడు ఆయనొక్కడే. బీమా చెల్లుతుందని పొద్దున రాసిచ్చి, అదే రోజు ఆ రెండు వరుసల్లో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఎక్కించుకున్నాడు. ఛాయలకే రాకూడని మనిషి రెండేళ్ళు అందులోనే కూర్చున్నాడు. పాపం కామాగారు నియమాల ప్రకారమే నడిచాడు. దొంగతనం కనిపెట్టి, చెప్పాల్సిన చోటే చెప్పాడు. ఆ ఫోను ఎత్తింది దొంగే.

"నన్ను పెట్టింది నేను పట్టుకుంటానని కాదు," అంది సూది. "పట్టుకున్నా నోరెత్తలేనని."

అప్పుడే ఆమె ఫోను మోగింది. నాలుగూ రెండు. ఇన్‌స్పెక్టర్ తెరమీది పేరు చూసి, ఎత్తమన్నట్టు తలూపాడు.

"అమ్మాయ్," అన్నారు జడ్జిగారు. ఎప్పటి గొంతే, ఎప్పటి ఆప్యాయతే. "జాబితాలో నాన్నగారి పేరు చూసి కంగారు పడకు. ఎవరో చేసిన పొరపాటై ఉంటుంది. తొమ్మిదో అంశం గుర్తుందిగా? రాసి పట్టుకురా. ఆఫీసుకి కాదు, ఇంటికి తీసుకురా. నెమ్మదిగా మాట్లాడుకుందాం."

ఆమె జాబితా చూసినట్టు ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"అలాగేనండీ," అంది.

"నాన్నగారు కూడా ఇక్కడే ఉన్నారు. నువ్వు పొద్దుటి నుంచీ తిరుగుతున్నావు, ఆయన ఒంటరిగా ఉంటారని కారు పంపించాను. ఇదిగో మాట్లాడు."

"చిట్టీ!" నాన్న గొంతు హుషారుగా ఉంది. "జడ్జిగారు చదరంగంలో నన్ను రెండుసార్లు చిత్తు చేశారే. కర్ర ఇంట్లో మరిచిపోయాను, వచ్చేటప్పుడు తీసుకురా. కుర్చీలోంచి లేవలేకపోతున్నాను."

"తెస్తాను నాన్నా. కదలకుండా అక్కడే కూర్చో."

ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టర్ జీపు తాళాలు తీసుకుని గుమ్మందాకా వెళ్ళిపోయాడు. ఆమె కదల్లేదు. బల్ల మీద తెల్ల కాగితం లాక్కుంది.

"ఇప్పుడు రాసేదేమిటి మేడమ్! పదండి!"

"రెండు నిమిషాలు."

నిలబడే రాసింది. బీమా జాబితాలో తన తండ్రి పేరు ఉన్నదనీ, అందువల్ల ఈ విచారణ నుంచి తప్పుకుంటున్నాననీ. పదిహేడు, పద్దెనిమిది వరుసలు మంగళవారం ఎన్ని గంటలకి మారాయో, ఆ సమయంలో ఆ గదిలో ఎవరు ఒంటరిగా కూర్చున్నారో, తనని ఎవరు ఎన్నింటికి పిలిచారో కూడా రాసింది. కమిటీ అధ్యక్షుడి మీదే ఫిర్యాదు వస్తే కాగితం కౌన్సిల్ చైర్మన్‌కి పోవాలని అదే నియమావళిలో ఉంది. పైన చైర్మన్ పదవి పేరు రాసి, కింద సంతకం పెట్టి, కంప్యూటరమ్మ చేతికిచ్చింది.

"ముద్ర వేసి, నంబరు వేసి, సభ్యులందరికీ తలో కాపీ పంపండి. ఒక్క కాపీ కూడా ఆగకూడదు."

కంప్యూటరమ్మ కళ్ళు తుడుచుకుని ముద్ర ఎత్తింది. నాలుగూ పదకొండుకి అది కాగితం మీద ధన్‌మని పడింది.

జీపు దగ్గర ఇన్‌స్పెక్టర్ తలుపు తెరిచి పట్టుకుని ఆగాడు. "అక్కడ ఆయన అడిగితే ఏమని చెబుతారు? మీకిప్పుడు ఏ అధికారమూ లేదు. కేసులో మీరు ఎవరూ కారు."

"ఎవర్నీ కాను," అంది సూది, ఎక్కి కూర్చుంటూ. "మా నాన్న కూతుర్ని. పోనివ్వండి."